రాయిని ఏమని పిలిచారు? సుమ్‌హురమ్ నుంచి శంకరం దాకా



మస్కట్‌లో నేను సేవ చేసే గుడికి సెలవు రోజుల్లో పిల్లలు చాలామంది వస్తారు. ప్రసాదం పంచేటప్పుడు, చెప్పుల దగ్గర నిలబడ్డప్పుడు వాళ్ళు నన్ను రకరకాల ప్రశ్నలు అడుగుతారు. అందులో తరచూ వచ్చేది ఒకటుంది. "అంకుల్, ఒమాన్‌లో మన పాత శిల్పాలు ఉన్నాయా? కొండలో చెక్కిన దేవుళ్ళు ఉన్నారా?"

ఉన్నమాట చెప్పాలంటే, అజంతాలాగా, మహాబలిపురంలాగా కొండను తొలిచి చేసిన హిందూ గుళ్ళు గానీ బౌద్ధ విహారాలు గానీ ఒమాన్‌లో లేవు. పాత మస్కట్‌లో శివుడి గుడి ఉంది. అది గుజరాతీ వర్తకులు కట్టుకున్న గుడి, అంత ప్రాచీనం కాదు. ఒమాన్‌కు సొంతమైన రాతి చెక్కడాలు మాత్రం చాలా ఉన్నాయి. అల్ హమ్రా దగ్గర ఒక పెద్ద బండ మీద మనుషుల బొమ్మలు ఉబ్బెత్తుగా చెక్కి ఉన్నాయి. చాలా పాతవి. ఆ బండను ఇక్కడివాళ్ళు 'హసాత్ బిన్ సల్త్' అంటారు. హసాత్ అంటే రాయి. బిన్ సల్త్ అంటే సల్త్ కొడుకు. బొమ్మలు చెక్కినవాళ్ళ పేర్లు పోయాయి. సల్త్ కొడుకు పేరు మిగిలింది.

పాత రాళ్ళను చూడడానికి వెళ్తే మనం మామూలుగా మూడు ప్రశ్నలు అడుగుతాం. ఎవరు చేశారు? ఎప్పుడు చేశారు? ఏ మతం వాళ్ళది? నేను నాలుగో ప్రశ్న కూడా అడుగుతాను. చుట్టుపక్కల జనం దీన్ని ఏమని పిలిచారు? ఆ రాయి ఎలా బతికిందో, ఎందుకు పోయిందో చాలాసార్లు ఆ పిలుపులోనే తెలుస్తుంది. ఈ వ్యాసంలో ఒమాన్ తీరంలో మొదలుపెట్టి మన ఆంధ్ర తీరం దాకా వెళ్దాం. కొత్త మాటలకు వచ్చిన చోటే అర్థం చెబుతాను.

తన పేరు తానే చెక్కుకున్న ఊరు

ఒమాన్ దక్షిణ భాగాన్ని ధోఫార్ అంటారు. అక్కడి పెద్ద ఊరు సలాలా. జూన్ నుంచి సెప్టెంబరు వరకు సలాలాలో తుంపర, మంచు, పచ్చదనం. గల్ఫ్‌లో మిగతా ఊళ్ళు ఎండకు మాడిపోతుంటే జనం సలాలాకు పరుగెత్తుతారు. ఈ కాలాన్ని ఇక్కడ 'ఖరీఫ్' అంటారు. మన రైతులు ఖరీఫ్ పంట, రబీ పంట అంటారు కదా, అదే ఖరీఫ్. అరబ్బీలో దాని అర్థం శరత్కాలం. మన వరి పొలాలకు వాన తెచ్చే నైరుతి గాలే ధోఫార్ కొండలకూ తుంపర తెస్తుంది. గాలి ఒకటే, మాట కూడా ఒకటే.

సలాలా నుంచి తూర్పుగా సుమారు 40 కిలోమీటర్లు వెళ్తే ఖోర్ రోరి వస్తుంది. ఖోర్ అంటే సముద్రపు నీరు లోపలికి చొచ్చుకొచ్చిన పాయ. ఇప్పుడు దాని నోటికి ఇసుక మేట అడ్డం పడింది. ఒడ్డున ఒంటెలు మేస్తుంటాయి, నీళ్ళలో కొంగలు నిలబడి ఉంటాయి. పైన చిన్న గుట్ట మీద ఒక పాత కోట ఊరు ఉంది. గోడలు మందం, వాకిలి ఇరుకు. ఆ వాకిలి వంకర్లు తిరుగుతూ లోపలికి వెళ్తుంది. శత్రువు ఒక్కసారిగా లోపలికి రాకుండా అలా కట్టారు.

ఆ వాకిలి గోడ మీద రాతిలో అక్షరాలు ఉన్నాయి. దక్షిణ అరేబియా పాత లిపి. ప్రతి అక్షరం స్కేలు పెట్టి గీసినట్టు నిటారుగా ఉంటుంది. ఈ ఊరి పేరు సుమ్‌హురమ్ అని ఆ శాసనం చెబుతుంది. శాసనం అంటే రాతి మీదో రాగి మీదో చెక్కించిన రాత. ఊరిని కట్టించింది హద్రమౌత్ రాజ్యం. ఆ ప్రాంతం ఇప్పుడు యెమెన్‌లో ఉంది. క్రీస్తుకు ముందు 3వ శతాబ్దం నుంచి క్రీస్తు తర్వాత 5వ శతాబ్దం దాకా ఈ ఊరు బతికింది. సాంబ్రాణి వ్యాపారం కోసమే పుట్టింది. ధోఫార్ కొండల్లో పెరిగే చెట్ల బంక అది. 2000లో యునెస్కో ఈ చోటును, ధోఫార్‌లోని మరి కొన్ని సాంబ్రాణి చోట్లను కలిపి ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఇక్కడ ఒక విచిత్రం చూడండి. ఈ ఊరు తన పేరును తన వాకిలి మీద తానే రాయించుకుంది. అయినా జనం ఆ పేరు మరిచిపోయారు. చుట్టుపక్కల వాళ్ళకు మిగిలింది నీటి పాయ పేరు, ఖోర్ రోరి. సుమ్‌హురమ్ అనే మాట మళ్ళీ నోట్లో పలకాలంటే పండితులు వచ్చి ఆ లిపి చదవాల్సి వచ్చింది. రాతిలో చెక్కినంత మాత్రాన పేరు నిలవదు. పలికే నోరు కావాలి.

శాలభంజిక, ఒక కుండపెంకు

1950ల మొదట్లో వెండెల్ ఫిలిప్స్ అనే అమెరికన్ తన బృందంతో ఇక్కడ తవ్వకాలు జరిపాడు. వాళ్ళకు ఒక చిన్న కంచు స్త్రీమూర్తి దొరికింది. అది అరేబియాలో చేసింది కాదు, భారతదేశం నుంచి వచ్చింది. పండితులు దాన్ని శాలభంజిక అన్నారు. శాలం అంటే ఒక చెట్టు. భంజిక అంటే విరిచేది. చెట్టు కొమ్మను చేత్తో వంచి పట్టుకొని నిలబడ్డ స్త్రీ శాలభంజిక. సాంచి తోరణం మీద ఆమె ఉంది. బుద్ధుడు పుట్టినప్పుడు మాయాదేవి కూడా ఇలాగే కొమ్మ పట్టుకొని నిలబడిందని శిల్పాల్లో చూపిస్తారు. తెలుగువాళ్ళకు ఈ మాట ఇంకో దారిలో తెలుసు. విక్రమార్కుడి సింహాసనం మెట్ల మీద కథలు చెప్పే బొమ్మలున్నాయి కదా, వాటిని మనం సాలభంజికలనే అంటాం.

అదే చోట 2006లో ఇటలీ పురావస్తు బృందానికి ఒక కుండపెంకు దొరికింది. దాని మీద బ్రాహ్మీ అక్షరాలు, తమిళ భాష. చదివిన పండితులు అది ఒక మనిషి పేరు అన్నారు, ణంతై కీరన్. సుమారు 1వ శతాబ్దం నాటిది. ఆయన రాజు కాదు, కవి కూడా కాదు. సముద్రం దాటి వచ్చిన కుండ మీద ఇది నాది అని రాసుకున్న మనిషి. ఆ కుండ పగిలాక, పెంకును ఎవరో ఇంకో పాత్రకు మూతగా వాడుకున్నారు. అలా ఆ పేరు మిగిలింది.

వీళ్ళు ఇక్కడ ఎందుకు ఆగారు? దానికి 1వ శతాబ్దంలోనే జవాబు ఉంది. ఈజిప్టులో ఉండే గ్రీకు భాష తెలిసిన వర్తకుడొకడు సముద్ర వ్యాపారం గురించి ఒక పుస్తకం రాశాడు. దాన్ని పెరిప్లస్ అంటారు. అందులో మోస్చా అనే రేవు గురించి ఉంది. అది ఖోర్ రోరియేనని పండితులు అంటారు. దక్షిణ భారతం నుంచి, గుజరాత్‌లోని భరుకచ్ఛం నుంచి తిరిగి వెళ్ళే ఓడలు కాలం మించిపోతే ఆ రేవులో ఆగి చలికాలం గడిపేవట. బట్టలు, గోధుమలు, నువ్వుల నూనె ఇచ్చి రాజు మనుషుల దగ్గర సాంబ్రాణి తీసుకునేవట. అంటే ఆ ఓడల వాళ్ళు ఇక్కడ నెలల తరబడి ఉండేవాళ్ళు. నెలల తరబడి ఉండే మనిషి తన దేవుణ్ణో, తనకు నచ్చిన బొమ్మనో వెంట తెచ్చుకుంటాడు. కొండను మాత్రం తెచ్చుకోలేడు. అందుకే ఒమాన్‌లో మన శిల్పం చేతిలో పట్టేంత చిన్నది.

ధోఫార్‌కు దక్షిణంగా సముద్రంలో సొకోత్రా అనే దీవి ఉంది. అది యెమెన్‌ది. అక్కడి హోక్ గుహలో ఈ శతాబ్దం మొదట్లో బెల్జియం వాళ్ళు వందల కొద్దీ రాతలను గుర్తించారు. వాటిలో చాలా భాగం బ్రాహ్మీ లిపి. గుహ లోపల చీకట్లో దివిటీలు పట్టుకొని వెళ్ళిన ఓడవాళ్ళు తమ పేర్లు రాసుకున్నారు. స్తూపాల బొమ్మలు, త్రిశూలాలు, ఓడలు గీసుకున్నారు. స్తూపం అంటే బుద్ధుడి ధాతువుల మీద గానీ ఆయన జ్ఞాపకంగా గానీ కట్టే గుండ్రటి కట్టడం. ధాతువులు అంటే ఎముకల వంటి అవశేషాలు. త్రిశూలమూ స్తూపమూ ఒకే గుహలో పక్కపక్కన ఉన్నాయంటే, ఒకే ఓడలో రెండు దారుల వాళ్ళూ కలిసి ప్రయాణం చేసి ఉంటారని నేను అనుకుంటాను.

మన తీరం వైపు

సముద్రానికి ఈ పక్క ఓడలు ఆగిన రేవు ఉంటే, ఆ పక్క ఓడలు బయలుదేరిన రేవులు ఉండాలి. అందులో మన రేవులూ ఉన్నాయి. పెరిప్లస్ మసాలియా అనే ప్రాంతాన్ని చెబుతుంది. అక్కడ పల్చటి నూలు బట్టలు చాలా నేస్తారని రాసింది. అది కృష్ణా నది సముద్రంలో కలిసే ప్రాంతం. 2వ శతాబ్దంలో టోలెమీ అక్కడ కంటకోస్సిల అనే రేవును చెప్పాడు. మన ప్రాకృత శాసనాల్లో అదే కంటకసేల. ఇప్పుడు దాన్ని మనం ఘంటసాల అంటాం. గాయకుడు ఘంటసాల వెంకటేశ్వరరావు ఇంటిపేరు ఆ రేవు పేరే. ఆయన పాట పెట్టుకున్న ప్రతిసారీ రెండువేల ఏళ్ళ నాటి రేవు పేరు మన ఇంట్లో వినబడుతోంది.

ఘంటసాల శాసనంలో 'మహానావిక' అనే మాట ఉంది. పెద్ద నావికుడు అని అర్థం. ఓడ నడిపేవాడి కుటుంబమే బౌద్ధ కట్టడానికి దానం ఇచ్చింది. శాతవాహన రాజుల నాణేల మీద రెండు తెరచాప కొయ్యల ఓడ బొమ్మ ఉంది. విశాఖపట్నం నుంచి భీమిలి వెళ్ళే దారిలో సముద్రానికి ఎదురుగా తొట్లకొండ ఉంది. అక్కడి బౌద్ధ విహారంలో రోమన్ వెండి నాణేలు దొరికాయి. అంటే మన కొండల మీద చెక్కిన రాళ్ళకు డబ్బు కొంత ఈ సముద్రం మీంచే వచ్చింది.

తొట్లకొండ అనే పేరు కూడా గమనించండి. తొట్టి అంటే నీళ్ళు నిలవ చేసేది. భిక్షువులు వాన నీళ్ళ కోసం కొండ రాతిలో తొట్లు తొలిచారు. విహారం కూలిపోయింది, బుద్ధుడి మాట మరుగున పడింది, కానీ తొట్లు కనబడుతూనే ఉన్నాయి. జనం కనబడేదాన్ని బట్టి పేరు పెట్టారు. పక్కనే బావికొండ ఉంది. అది కూడా అలాంటి పేరే.

శంకరంలో రాళ్ళ వాన

అనకాపల్లి దగ్గర ఒక ఊరి పేరు శంకరం. వినగానే శివుడి పేరు అనిపిస్తుంది. కానీ పండితుల మాట ప్రకారం అది సంఘారామం నుంచి వచ్చింది. సంఘారామం అంటే బౌద్ధ భిక్షువులు ఉండే చోటు. సంఘారామం, సంగారం, శంకరం. ఒకసారి బయటికి పలికి చూడండి, నాలుక ఆ దారిలో ఎలా జారిందో తెలుస్తుంది. ఇంగ్లీషు బోర్డు మీద చదివితే ఇది దొరకదు. తెలుగులో పలికితేనే దొరుకుతుంది.

శంకరం పక్కన రెండు కొండలు. ఒకటి బొజ్జన్నకొండ, రెండోది లింగాలకొండ. అలెగ్జాండర్ రీ అనే పురావస్తు అధికారి 1900ల మొదటి పదేళ్ళలో ఇక్కడ తవ్వించాడు. బొజ్జన్నకొండలో రాతిలో తొలిచిన గుహలు, ద్వారం మీద కూర్చున్న బుద్ధుడి విగ్రహాలు ఉన్నాయి. సముద్రగుప్తుడి బంగారు నాణెం కూడా ఇక్కడ దొరికింది. లింగాలకొండ మీద కొండ రాతినే తొలిచి చేసిన చిన్నా పెద్దా స్తూపాలు వరసలుగా ఉన్నాయి. దూరం నుంచి చూస్తే పెద్ద పెద్ద శివలింగాలు నిలబెట్టినట్టే ఉంటుంది. అందుకే ఆ పేరు.

నేను అనకాపల్లిలో ఆటో ఎక్కి కొండ పేరు చెప్పగానే డ్రైవర్ వెనక్కి తిరిగి నవ్వాడు.

"బొజ్జన్నకొండకేనాండి? మా తాత కనుమ నాడు ఎల్లి రాళ్ళు ఇసిరేవోడండి."

"దేనికి?"

"బొజ్జన్న అంటే రాచ్చసుడని సెప్పేవోరండి. పసువుల్ని కూడా తోలుకెల్లేవోరు. ఇప్పుడు లేదండి. ఇప్పుడు మేం పిల్లల్ని తీసుకెల్లి బుద్దుడి బొమ్మలు సూపిత్తన్నాం."

అతను చెప్పింది నిజమే. సంక్రాంతి మర్నాడు, కనుమ రోజున, ఇక్కడ రాళ్ళు విసిరే ఆచారం చాలా కాలం ఉంది. బొజ్జన్న అనే మాట బుద్ధుడి పేరు మారి వచ్చిందని అంటారు. కానీ వినేవాళ్ళకు బొజ్జ మాత్రమే వినబడింది. బొజ్జ అంటే పెద్ద పొట్ట. పెద్ద పొట్ట ఉన్నవాడు రాక్షసుడయ్యాడు. వారసత్వ కట్టడాల కోసం పనిచేసే ఇన్‌టాక్ సంస్థ కలగజేసుకున్నాక ఆ ఆచారం ఆగింది.

రాళ్ళు విసిరినవాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. ఊరికి మంచి జరగాలని, పశువులు బాగుండాలని విసిరారు. అర్థం పోయిన పేరులో భయం చేరింది. భయం చేతికి రాయి ఇచ్చింది.

గుంటుపల్లిలో దండం

ఇప్పుడు ఏలూరు జిల్లా గుంటుపల్లికి వెళ్దాం. ఏలూరు నుంచి కామవరపుకోట మీదుగా వెళ్ళాలి, మెట్లెక్కాలి. కొండ వాలులో ఒక గుండ్రటి గుహ ఉంది. దాన్ని చైత్యగృహం అంటారు, మధ్యలో స్తూపం ఉన్న ప్రార్థనా మందిరం. లోపల తల ఎత్తి పైకి చూడండి. రాతి కప్పులో వాసాలు చెక్కి ఉన్నాయి. గుడిసె కప్పుకు కర్ర వాసాలు ఉంటాయి కదా, అచ్చం అలాగే. రాతికి వాసాలు అవసరం లేదు. కానీ ఆ చెక్కేవాళ్ళకు ఇల్లంటే గుడిసే. వాళ్ళు రాతిలో కూడా తమ గుడిసెనే చెక్కారు. క్రీస్తుకు ముందు 2వ శతాబ్దం ప్రాంతంలో మన పల్లె ఇల్లు ఎలా ఉండేదో ఆ కప్పు చూస్తే తెలుస్తుంది.

ఆ గుహలో ఉన్న స్తూపాన్ని చుట్టుపక్కల జనం ధర్మలింగేశ్వరుడు అని పిలిచారు. లింగమనే మొక్కారు. మొక్కడం అంటే దండం పెట్టి, కోరిక కోరుకొని, తీరితే ఇది ఇస్తానని చెప్పడం. స్తూపం లింగమైంది, కానీ పేరులో ధర్మం అలాగే ఉంది. బుద్ధుడు చెప్పిందాన్ని కూడా ధర్మమనే అంటారు. అది పాత జ్ఞాపకమో, యాదృచ్ఛికమో, ఎవరైనా ఎలాగైనా అనుకోవచ్చు. ఆ స్తూపం మాత్రం గుహలో తన చోటనే ఉంది. ఎవరూ దాన్ని పగలగొట్టి గోడకు వాడుకోలేదు. దేవుడు అనుకున్న రాతిని ఇంటి పునాదిలో వేసేవాడు ఉండడు.

దీపాలదిన్నె కథ

మూడో కథ అందరికీ తెలిసిన ఊరిది. కానీ మీలో చాలామంది దాని అసలు పేరు విని ఉండరు. నేను ఇంగ్లీషు మీడియంలో చదువుకున్నాను. మా చరిత్ర పుస్తకంలో అమరావతి స్తూపం అనే మాట ఉంది. దీపాలదిన్నె అనే మాట లేదు. దిన్నె అంటే చుట్టూ నేల కంటే ఎత్తుగా ఉన్న మట్టి దిబ్బ. అమరావతి స్తూపం కూలి, మట్టి కప్పుకున్నాక, ఊరివాళ్ళు ఆ దిబ్బను దీపాలదిన్నె అని పిలిచారు. ఒకప్పుడు అక్కడ వెలిగించిన దీపాల జ్ఞాపకం ఆ పేరులో మిగిలిందని నాకు అనిపిస్తుంది.

1790ల చివర్లో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అక్కడ కొత్త ఊరు కట్టించాడు. ఊరికి రాయి కావాలి, ఇటుక కావాలి. దిన్నెను తవ్వారు. చెక్కిన పలకలు బయటపడ్డాయి. సంగతి తెలిసి 1797లో కోలిన్ మెకంజీ అనే సర్వే అధికారి వచ్చి చూశాడు. మళ్ళీ 1816లో వచ్చి మ్యాపులు గీయించాడు, బొమ్మలు వేయించాడు. అతను వచ్చేసరికే చాలా పోయింది. కొన్ని పలకలు శివగంగ అనే చెరువు పనిలోకి వెళ్ళాయి. కొన్ని సున్నపు బట్టీలోకి వెళ్ళాయి. అమరావతి శిల్పాలు చెక్కింది పల్నాటి సున్నపురాయితో. మెత్తటి రాయి కాబట్టి పూసలు, పూలు, ముఖాల్లో నవ్వు అంత సన్నగా చెక్కగలిగారు. సున్నపురాయి కాబట్టే కాలిస్తే సున్నం అయింది. ఏ గుణం ఆ శిల్పాన్ని గొప్పదాన్ని చేసిందో ఆ గుణమే దాన్ని తినేసింది.

మిగిలినవాటిలో చాలా పలకలను 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వి తీయించి మద్రాసు పంపాడు. అక్కడి నుంచి చాలా పలకలు 1859లో లండన్ చేరాయి. ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. మరికొన్ని చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలో ఉన్నాయి. అమరావతిలో మిగిలింది ఒక గుండ్రటి మట్టిగట్టు, కొన్ని రాళ్ళు, ఒక చిన్న మ్యూజియం.

మరి దీపాలదిన్నె అంత మంచి పేరు కదా, ఎందుకు కాపాడలేదు? ఆలోచిస్తే నాకు ఒకటి తోచింది. గుంటుపల్లిలో పేరుతో పాటు మొక్కు ఉంది. శంకరంలో పేరుతో పాటు భయం ఉంది. దీపాలదిన్నెకు పేరు ఉంది గానీ దీపం పెట్టేవాళ్ళు లేరు. ఎవరూ రాని దిన్నె రాతి గనితో సమానం అయిపోయింది.

ఒక మంచి పని కూడా చెప్పాలి. మెకంజీ దగ్గర కావలి బొర్రయ్య, కావలి లక్ష్మయ్య అనే తెలుగు అన్నదమ్ములు పనిచేశారు. వాళ్ళు, వాళ్ళ మనుషులు ఊరూరా తిరిగి కైఫీయతులు సేకరించారు. కైఫీయతు అంటే ఊరి కరణాల దగ్గర, పెద్దల దగ్గర అడిగి రాసుకున్న ఊరి చరిత్ర. ఏ గుట్టకు ఏ పేరు, ఏ చెరువు ఎవరు తవ్వించారు, ఏ దేవుడు ఎలా వెలిశాడు, అన్నీ తెలుగులో రాశారు. రాతిని లండన్ తీసుకెళ్ళిన కాలంలోనే, ఆ రాళ్ళ మీది మాటలను కాగితం మీద పెట్టినవాళ్ళు వాళ్ళు.

నాగార్జునకొండ కథ ఇంకో రకం. ఆచార్య నాగార్జునుడి పేరు కొండకు ఉండిపోయింది. 1926లో అక్కడి శిథిలాలు బయటపడ్డాయి. తర్వాత సాగర్ డ్యామ్ వస్తుందని తెలిసి 1954 నుంచి 1960 దాకా లోయంతా తవ్వారు. ముఖ్యమైన కట్టడాలను కొండ మీదికి, ఒడ్డున అనుపుకు మార్చారు. లోయ నీళ్ళ కింద ఉంది. పేరు నీళ్ళ మీద ద్వీపంలో ఉంది.

పిల్లలకు ఏం చెప్పాలి?

గుడిలో పనిచేసేవాడిగా నాకు ఇక్కడ ఒక బాధ్యత ఉంది. లింగాలకొండ ఫొటో చూపిస్తే పిల్లలు వెంటనే "శివలింగాలు!" అంటారు. అవునని ఊరుకుంటే వాళ్ళకు సంతోషమే. కానీ అది అబద్ధం అవుతుంది. కాదు, ఇవి బౌద్ధ స్తూపాలు, జనానికి తెలియక లింగాలన్నారు అని చెప్పి ముగిస్తే అది సగమే నిజం. తెలియని జనమే కదా ఆ కొండకు పేరు పెట్టి ఇన్ని వందల ఏళ్ళు గుర్తుంచుకున్నది.

అందుకే నేను రెండు వాక్యాలూ చెబుతాను. "వీటిని చెక్కినవాళ్ళు బౌద్ధులు. మన ముందటివాళ్ళు వీటిని లింగాలని పిలిచారు." మొదటి వాక్యం చెక్కినవాళ్ళకు ఇవ్వాల్సిన గౌరవం. రెండోది గుర్తుంచుకున్నవాళ్ళకు. విజయవాడ పక్కన ఉండవల్లికి వెళ్ళినప్పుడు కూడా అంతే. నాలుగు అంతస్తుల గుహ, లోపల ఒకే రాతిలో పడుకున్న పెద్ద అనంతపద్మనాభుడు. ఆ గుహ మొదట బౌద్ధుల కోసం తొలిచిందని కొందరు పండితులు అంటారు. అది ఎవరిదని ఇప్పుడు కొట్లాడుకుంటే రాయికి ఏ లాభమూ లేదు. ఎవరెవరు అక్కడ దీపం పెట్టారో అందరి పేర్లూ చెప్పడం మంచిది.

నేను ఉండవల్లిలో విష్ణువుకు దండం పెట్టాను. గుంటుపల్లి స్తూపానికీ పెట్టాను. సుమ్‌హురమ్ లోపల సిన్ అనే దేవుడి గుడి శిథిలం ఉంది. ఆయన హద్రమౌత్ వాళ్ళ దేవుడు, ఇప్పుడు ఆయన్ను కొలిచేవాళ్ళు ఎవరూ లేరు. అక్కడ చెప్పులు విప్పి ఒక నిమిషం నిలబడ్డాను. ఎవరో ఒకప్పుడు ఇక్కడ తమ పిల్లల కోసం, తమ ఓడ కోసం మొక్కుకున్నారు. ఆ మాట చాలు.

మనలాగా పెద్దయ్యాక తెలుగు నేర్చుకునేవాళ్ళకు ఇందులో ఒక లాభం ఉంది. కవిత్వం, వ్యాకరణం రావడానికి ఏళ్ళు పడుతుంది. ఊరి పేర్లు, గుట్టల పేర్లు మాత్రం మొదటి రోజు నుంచే మన చేతిలో ఉంటాయి. కొండ, గుట్ట, దిన్నె, దిబ్బ, పాడు, తొట్టి, బావి. ఈ ఏడు మాటలు నేర్చుకొని తెలుగు జిల్లాల మ్యాపు తెరిస్తే సగం పేర్లు వాటంతట అవే విచ్చుకుంటాయి. పాడు అని చివర ఉన్న ఊరి పేరు చూసినప్పుడు, అక్కడ పాతకాలంలో ఏముండేదో అడగాలనిపిస్తుంది.

ఈ పేర్లు గూగుల్ మ్యాపులో అన్నీ ఉండవు. మీ అమ్మమ్మ దగ్గర, నాన్నమ్మ దగ్గర, మీ ఊళ్ళో ఇంకా ఉంటున్న పెద్దనాన్న దగ్గర ఉంటాయి. ఈ వారం ఫోన్ చేసినప్పుడు అన్నం తిన్నారా అని అడిగాక ఇంకొక ప్రశ్న అడగండి. "మన ఊరి బయట దిబ్బను, గుట్టను ఏమని పిలుస్తారు? ఎందుకట?" వాళ్ళు చెప్పింది చెప్పినట్టు తెలుగులో రాసిపెట్టండి. వాళ్ళ యాస కూడా అలాగే రాయండి, సరిదిద్దకండి. యాస సరిదిద్దితే శంకరంలో సంఘారామం వినబడదు.

మా నాన్నగారి ఊరి బయట ఉన్న గుట్ట పేరు చెప్పగలిగినవాళ్ళలో ఇప్పుడు మా చిన్నత్తయ్య ఒక్కతే మిగిలింది. ఆమెకు ఎనభై దాటింది. పోయిన శుక్రవారం ఫోన్‌లో అడిగి ఆ పేరు రాసుకున్నాను. ఎందుకు ఆ పేరు వచ్చిందో చెప్పడానికి ఆమెకు గంట పట్టింది. అది ఇంకో వ్యాసం.